పెద్ద చట్రమా, మారెడి కటకమా?

కెమేరా కొనవలెనని దుకాణమునకు పోయినవాని యెదుట నేడు రెండు రకముల పనిముట్లు నిలుచును. రెండును ఒక చేతిలో ఇముడునవే. మొదటిదానిలో 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గల సెన్సర్ ఉండును. వ్యాపారులు దీనిని ‘ఫుల్‌ఫ్రేమ్’ అందురు. అనగా నిండు చట్రము. కాని దాని కటకము కెమేరాకు శాశ్వతముగా బిగింపబడి యుండును. ఊడదీయుటకు వీలు లేదు. రెండవదానిలో సెన్సర్ చిన్నది; కొన్నిటిలో దాని వైశాల్యము మొదటిదానిలో నాలుగవ వంతుకన్న కొంచెమే ఎక్కువ. కాని దాని కటకమును విప్పి మరియొకటి తగిలింపవచ్చును. మొదటిది మసక వెలుతురులో చక్కగా చూచును. రెండవది విశాలమైన మైదానమును, చెట్టుకొమ్మమీది పక్షిని, పువ్వులోని కేసరములను కూడ పట్టగలదు.

ఈ రెండు గుణములును కలిసిన కెమేరాలు లేకపోలేదు. కాని పెద్ద సెన్సర్‌ను నింపవలెనన్న కటకములు కూడ పెద్దవి కావలెను. నాలుగు కటకములు చేరుసరికి సంచి బరువెక్కును, వెలయు హెచ్చును. కనుక బరువు, వెల మితిలో ఉండవలెనని కోరువాడు వెలుతురునో, స్వేచ్ఛనో కొంత వదలుకొనక తప్పదు.

ఇది ఎలక్ట్రానిక్ యుగపు చిక్కని తోచును. నిజమునకు ఇది 1930 ప్రాంతమున పుట్టినది. ఆనాటివారు తూచి చూచిన లెక్కలు నేటి లెక్కలకు ఆశ్చర్యము గొల్పునంత దగ్గరగా ఉన్నవి.

బార్నాక్ చేసిన చిన్న కెమేరా

జర్మనీలో వెట్స్‌లార్ అను పట్టణమున ఎర్నెస్ట్ లైట్స్ అను సంస్థ సూక్ష్మదర్శినులను తయారుచేసి పేరు పొందినది. 1911లో ఆస్కార్ బార్నాక్ (1879–1936) అను యంత్రనిపుణుడు ఆ సంస్థలో చేరెను. ఇతనికి కొండలలో, అడవులలో తిరుగుచు చిత్రములు తీయుట ఇష్టము. కాని ఇతడు ఉబ్బసవ్యాధితో బాధపడుచుండెడివాడు. 13 సెం.మీ. × 18 సెం.మీ. గాజుపలకలతో పనిచేయు ఆనాటి కెమేరాను మోసికొని కొండలెక్కుట అతనికి శక్యము కాలేదు.

అప్పటికే చలనచిత్రములకు 35 మి.మీ. వెడల్పు గల ఫిల్ము వాడుకలో ఉన్నది. దానిపై ఒక్కొక్క బొమ్మ 18 మి.మీ. × 24 మి.మీ. ఉండును. బార్నాక్ రెండు బొమ్మల చోటును ఒకటిగా కలిపి 24 మి.మీ. × 36 మి.మీ. చట్రమును తీసికొనెను. ఈ చట్రముతో జేబులో పట్టు కెమేరా నమూనాను 1914 నాటికి సిద్ధము చేసెను. గాజుపలక వైశాల్యము 234 చ.సెం.మీ. కాగా, ఈ చట్రపు వైశాల్యము 8.64 చ.సెం.మీ. మాత్రమే, అనగా 27వ వంతు.

గాజుపలకనుండి చిత్రమును తీయుటకు దానిని కాగితముపై ఆనించి వెలుతురు చూపిన చాలును. పలక ఎంతయో చిత్రమంత. చిన్న ఫిల్మునకు ఆ సుఖము లేదు. 24 సెం.మీ. × 36 సెం.మీ. చిత్రము కావలెనన్న ప్రతి దిశలోను పది రెట్లు పెంచవలెను. అప్పుడు కటకపు దోషములును, ఫిల్ములోని రేణువులును పది రెట్లు పెరుగును. కాబట్టి చిన్న చట్రమునకు మేలిరకపు కటకము అవసరమైనది. ఆ సంస్థలోనే పనిచేయుచున్న మాక్స్ బెరెక్ 50 మి.మీ. నాభ్యంతరము, ఎఫ్/3.5 ద్వారము గల కటకమును రూపొందించెను. మొదటి ప్రపంచయుద్ధము వలన పని ఆగిపోయినది. 1923లో పరీక్షకై కొద్ది కెమేరాలను చేసిరి. 1924లో సంస్థ యజమాని రెండవ ఎర్నెస్ట్ లైట్స్ ధైర్యము చేసి ఉత్పత్తికి అనుమతించెను. 1925 వసంతములో లైప్‌జిగ్ సంతలో ‘లైకా’ ప్రజల ముందుకు వచ్చినది. లైట్స్, కెమేరా అను రెండు మాటల తొలి అక్షరములే ఆ పేరు.

ఇచ్చట రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది: నేడు ‘నిండు చట్రము’ అని గౌరవింపబడుచున్న 24 × 36 మి.మీ. కొలతను ఆనాటి జర్మనులు ‘చిన్న బొమ్మ’ అని పిలిచిరి. పెద్ద, చిన్న అనునవి కొలతబద్ద మీద లేవు. ప్రక్కనున్న వస్తువును బట్టి వచ్చినవి. రెండవది: ఆ తొలి లైకా కటకము స్థిర కటకమే. విప్పుటకు వీలు లేదు. ఇది లోపము కాదు, అవసరము.

పదవవంతు మిల్లీమీటరు

కటకము దూరపు వస్తువు ప్రతిబింబమును తననుండి ఒక నియతమైన దూరమున ఏర్పరచును. ఆ దూరమే నాభ్యంతరము. ఫిల్ము సరిగా ఆ తలముననే ఉండవలెను. కొంచెము ముందు వెనుకలైనచో ప్రతి బిందువును చిన్న గుండ్రని మచ్చ యగును. ఆ మచ్చ మిల్లీమీటరులో 30వ వంతు మించకున్న కంటికి బిందువువలెనే కనబడునని ఆనాటి లెక్క. ఆ మచ్చ కొలతను ఎఫ్ సంఖ్యచే గుణించినచో ఎంత తప్పు సహింపవచ్చునో తెలియును. ఎఫ్/3.5 వద్ద అది 3.5 ÷ 30, అనగా ఇటు అటు సుమారు 0.12 మి.మీ. ఇంతకు మించిన తప్పు చిత్రమును చెరచుటకు చాలును.

కటకమును కర్మాగారములోనే బిగించి, సరిచూచి పంపినచో ఈ భయము లేదు. విప్పి తగిలించు కటకమైనచో, ప్రతి కెమేరాయందును, ప్రతి కటకమునందును ఆ దూరము ఒక్కటే కావలెను. ఆనాటి ఉత్పత్తి పద్ధతులకు అది కష్టమైన నిబంధన.

1930లో లైట్స్ సంస్థ మరసుట్ల ద్వారా కటకమును మార్చుకొను లైకాను విడుదల చేసెను. 35 మి.మీ. విశాలకోణ కటకము, 135 మి.మీ. దూరపు కటకము దానికి లభించినవి. కాని మొదట వచ్చిన కెమేరాలలో ఒక చమత్కార మున్నది. వాని దూరములు ఒకదానికొకటి సరిపోలవు. అందుచేత ఒక్కొక్క కెమేరాకు దాని కటకములను విడిగా సరిచేసి, వానిమీద ఆ కెమేరా సంఖ్యను చెక్కి ఇచ్చెడివారు. పొరుగువాని కటకమును ఎరువు తెచ్చుకొన్న ప్రయోజనము లేదు. 1931లో కటకపు పీఠమునుండి ఫిల్మువరకు దూరమును 28.8 మి.మీ. అని స్థిరపరచిరి. అట్టి కెమేరాల మూతిపై ‘0’ గుర్తు చెక్కిరి. ఆ చిన్న సున్న ఒక వాగ్దానము: ఇకమీదట చేయు ఏ కటకమైనను దీనికి సరిపోవును.

మారెడి కటకమనగా కేవలము మరచుట్టు కాదు. అందరును ఒప్పుకొని నిలుపుకొనవలసిన కొలత.

రోలీఫ్లెక్స్, లైకా

1929లో జర్మనీలోనే బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున ఫ్రాంకె, హైడెకె అనువారి సంస్థ ‘రోలీఫ్లెక్స్’ కెమేరాను విడుదల చేసెను. దీనికి ఒకదానిపై ఒకటిగా రెండు కటకము లుండును. పైది చూచుటకు, క్రిందిది చిత్రము తీయుటకు. రెండును స్థిరములు. చట్రము ఆరు సెంటీమీటర్ల చదరమని పేరు; నికరపు కొలత సుమారు 56 మి.మీ. × 56 మి.మీ. వైశాల్యము 3,136 చ.మి.మీ. లైకా చట్రపు వైశాల్యము 864 చ.మి.మీ. నిష్పత్తి సుమారు 3.6.

అనగా 1930 దశకములో కెమేరా కొనువాని ముందు, 3.6 రెట్లు పెద్ద చట్రము, స్థిర కటకము గల రోలీఫ్లెక్స్ ఒక ప్రక్క; చిన్న చట్రము, మారెడి కటకము గల లైకా మరియొక ప్రక్క నిలిచినవి. నేటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 864 చ.మి.మీ.; మైక్రో ఫోర్ థర్డ్స్ అను చిన్న సెన్సర్ 17.3 × 13 మి.మీ., అనగా సుమారు 225 చ.మి.మీ. నిష్పత్తి 3.84. పేర్లు మారినవి; తూకము మారలేదు. ఒకప్పుడు చిన్నవాడైన లైకా చట్రము మాత్రము పెద్దవాని స్థానమునకు చేరినది.

రోలీఫ్లెక్స్ చిత్రము తక్కువగా పెంచిన చాలును గనుక రేణువులు కనబడక, బొమ్మ నునుపుగా నుండును. లైకా పక్షమువారికి ఒక ప్రత్యుత్తర మున్నది. రోలీఫ్లెక్స్ కటకము 75 మి.మీ., ఎఫ్/3.5, దాని కాంతిద్వారపు వ్యాసము 75 ÷ 3.5, అనగా సుమారు 21 మి.మీ. లైకాకు 1933లో ‘జుమ్మార్’ అను 50 మి.మీ., ఎఫ్/2 కటకము వచ్చినది. దాని ద్వారపు వ్యాసము 25 మి.మీ. చిన్న చట్రము పోగొట్టిన కాంతిని మంచి కటకము తిరిగి తెచ్చెను. స్థిర కటకము గలవానికి అట్టి మార్పునకు దారి లేదు.

ఈ రెండు పనిముట్లును మన దేశపు చరిత్రకు సాక్షులైనవి. మన దేశములో వార్తాచిత్రములు తీసిన మొదటి మహిళగా పేరుగాంచిన హోమాయీ వ్యారావాలా (1913–2012) వాడిన కెమేరాలలో రోలీఫ్లెక్స్ ముఖ్యమైనది. స్వాతంత్ర్యము వచ్చిన దినములలో ఢిల్లీలో ఆమె తీసిన చిత్రములు నేటికిని పుస్తకములలో కనబడును. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రి కార్టియె-బ్రెసాన్ (1908–2004) 1932లో లైకాను చేపట్టెను. 1948 జనవరి 30న, గాంధీజీ మరణమునకు కొద్దిసేపు ముందు, అతడు ఆయనను దర్శించెను. తరువాత అంతిమయాత్రను చిత్రించెను.

బ్రెసాన్ కెమేరాకు ఎన్నో కటకములు తగిలింపవచ్చును. ఐనను అతడు ఎక్కువగా వాడినది 50 మి.మీ. కటక మొక్కటే. మార్చుకొను స్వేచ్ఛ చేతిలో నుండగా, అతడు చాలవరకు స్థిర కటకము గలవానివలెనే పనిచేసెను. స్వేచ్ఛ కలిగియుండుట వేరు, దానిని వాడుకొనుట వేరు. కెమేరా కొనువారు పలువురు ఈ భేదమును మరతురు.

మధ్యేమార్గములు

రెంటి లాభమును ఒకచోట చేర్చుటకు యత్నములు జరిగినవి. స్వీడన్‌లో విక్టర్ హాసెల్‌బ్లాడ్ 1948లో ఆరు సెం.మీ. చదరపు చట్రము, మారెడి కటకములు రెండును గల కెమేరాను వెలువరించెను. పని ఘనము, వెలయు, బరువును ఘనములే. రోలీఫ్లెక్స్ వారు వేరొక మార్గము పట్టిరి. 1959లో 135 మి.మీ. కటకము గల ‘టెలి-రోలీఫ్లెక్స్’ను, 1961లో 55 మి.మీ. విశాలకోణ రోలీఫ్లెక్స్‌ను తెచ్చిరి. వానిలోను కటకము స్థిరమే. కోణము మారవలెనన్న కటకమును గాక కెమేరానే మార్చవలెను!

జపానులో యోషిహిసా మైతాని అను ఇంజనీరు దీనికి విరుద్ధమైన దిక్కునకు నడచెను. ఓలింపస్ సంస్థలో ఇతడు 1959లో ‘పెన్’ అను కెమేరాను రూపొందించెను. దాని చట్రము 18 × 24 మి.మీ.; లైకా చట్రములో సగము. బార్నాక్ రెండుగా కలిపినదానిని ఇతడు మరల విడదీసినట్లయినది. 36 చిత్రముల చుట్టలో 72 చిత్రములు వచ్చును. 1963లో వచ్చిన ‘పెన్-ఎఫ్’ ఈ సగము చట్రమునకు మారెడి కటకములను జోడించెను. చట్రము తగ్గగా కటకములును తగ్గినవి; అన్నియు చిన్న సంచిలో పట్టినవి. నేటి చిన్న సెన్సర్ కెమేరాలకు ఇదియే పెద్దమ్మ.

ఫిల్ము పోయి సెన్సర్ వచ్చెను

ఫిల్ము కాలములో పెద్ద చట్రము కావలెనన్న మరికొంత ఫిల్ము కొన్న చాలును. సిలికాన్ అట్లు కాదు. సెన్సర్లను గుండ్రని సిలికాన్ పలకనుండి, అట్టునుండి చదరపు ముక్కలు కోసినట్లు కోయుదురు. ముక్క పెద్దదైన కొలది అంచులయొద్ద వ్యర్థము పెరుగును. పలకపై ఎక్కడనో ఒక ధూళికణము వలన దోష మేర్పడినచో, చిన్న ముక్కలలో ఒకటి చెడును. పెద్ద ముక్కయైనచో అంత పెద్దదియు చెడును. అందుచేత వైశాల్యము రెట్టింపైన వెల రెట్టింపునకు మించును.

ఈ కారణముచేతనే తొలి డిజిటల్ కెమేరాలలో అధికభాగము చిన్న సెన్సర్లు గలవి. 24 × 36 మి.మీ. సెన్సర్‌తో కాంటాక్స్, కానన్ సంస్థల కెమేరాలు 2002లో వచ్చినవి. వాని వెల సామాన్యులకు అందనిది. లైకా నాటి ఫిల్ము కొలతకు సరిపోయినదని దీనికి ‘నిండు చట్రము’ అను పేరు స్థిరపడినది. చిన్న బొమ్మ పెద్దదైన వృత్తాంత మిది.

2003లో ఓలింపస్ ‘ఫోర్ థర్డ్స్’ పద్ధతి కెమేరాను విడుదల చేసెను. 2008లో ఓలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి అదే సెన్సర్‌కు ‘మైక్రో ఫోర్ థర్డ్స్’ అను క్రొత్త పద్ధతిని ప్రకటించెను. లోపలి అద్దమును తీసివేయుటచే కటకపు పీఠమునుండి సెన్సర్‌కు గల దూరము 38.67 మి.మీ. నుండి 19.25 మి.మీ.కు తగ్గినది, కెమేరా పలుచనైనది. 2009లో ఓలింపస్ తన క్రొత్త కెమేరాకు, 50 ఏండ్ల క్రిందటి మైతాని కెమేరాను తలచుకొని, మరల ‘పెన్’ అనియే పేరు పెట్టెను.

రెండవ పక్షము 2012లో లేచినది. సోనీ సంస్థ ‘ఆర్.ఎక్స్. 1’ అను కెమేరాలో నిండు చట్రపు సెన్సర్‌ను, 35 మి.మీ., ఎఫ్/2 స్థిర కటకమును అమర్చెను. బ్యాటరీతో కూడ దాని బరువు అరకిలోకు లోపలనే. 2015లో లైకా సంస్థ 28 మి.మీ., ఎఫ్/1.7 స్థిర కటకముతో ‘క్యూ’ను తెచ్చెను, 2023లో 60 మిలియన్ల చుక్కల ‘క్యూ 3’ వచ్చినది. 2024లో అదే కెమేరాను 43 మి.మీ. స్థిర కటకముతో మరల వేరుగా విడుదల చేసిరి. టెలి-రోలీఫ్లెక్స్ కథ తెలిసినవారికి ఇది క్రొత్తగా తోచదు.

స్థిర కటకమునకు నేడును పాత బలమే కలదు. క్యూ 3లో ఒక్కొక్క చుక్క వెడల్పు సుమారు 3.8 మైక్రాన్లు. పై లెక్కనే ఇచ్చట వేసినచో 3.8 × 1.7, అనగా ఇటు అటు 6.5 మైక్రాన్లు, మిల్లీమీటరులో వేయింట ఆరేడు పాళ్ళు. కటకము కొంచెము వాలినను చిత్రపు ఒక అంచు మసకబారును. యంత్రము దానంతట అది కేంద్రీకరించుకొన్నను, వాలును దిద్దలేదు. ఒకే కటకమును ఒకే సెన్సర్‌కు కర్మాగారములో సరిచూచి బిగించినచో ఈ తప్పును అదుపులో నుంచుట సులభము. కటకపు వెనుకభాగమును సెన్సర్‌కు మిక్కిలి చేరువగా తేవచ్చును. లోపలికి దుమ్ము చేరు అవకాశమును తగ్గును.

కాంతి లెక్క

కాంతి ఫొటాన్లు అను కణములుగా వచ్చును. అవి వానచినుకులవలె క్రమము లేక పడును. ఒకచోట సగటున ఎన్ని పడునో, దాని వర్గమూలమంత హెచ్చుతగ్గు సహజముగా నుండును. ఈ హెచ్చుతగ్గే మసక వెలుతురు చిత్రములలో కనబడు ఇసుక చల్లినట్టి గరుకుదనము.

ఒక గదిలో ఒకే ఎఫ్ సంఖ్యతో, ఒకే షట్టరు వేగముతో, ఒకే దృశ్యమును రెండు కెమేరాలతోను తీసితి రనుకొనుడు. చిత్రములోని ఒక చిన్న భాగముపై చిన్న సెన్సర్‌లో 10,000 ఫొటాన్లు పడినవి. హెచ్చుతగ్గు 100, అనగా నూటికి ఒకటి. అదే భాగము పెద్ద సెన్సర్‌పై 3.84 రెట్ల చోటు ఆక్రమించును. అచ్చట పడునవి 38,400. హెచ్చుతగ్గు సుమారు 196. అనగా నూటికి అర. కాంతి ఇంచుమించు నాలుగు రెట్లైన గరుకుదనము సగమగును. పెద్ద చట్రపు ప్రయోజన మంతయు ఈ లెక్కలో నున్నది. దీనికి మించిన మాయ లేదు.

ఐనను ఫొటాన్లను లోనికి తెచ్చునది సెన్సర్ కాదు, కటకపు ద్వారము. 28 మి.మీ., ఎఫ్/1.7 కటకపు ద్వారము 16.5 మి.మీ. చిన్న సెన్సర్‌పై అదే దృక్కోణము నిచ్చు 14 మి.మీ., ఎఫ్/2.5 కటకపు ద్వారము 5.6 మి.మీ. మాత్రమే. వైశాల్యములలో తేడా ఎనిమిదిన్నర రెట్లు. చిన్న కటకము నిజముగా చిన్నదే. కాని చిన్న సెన్సర్‌కు 25 మి.మీ., ఎఫ్/0.95 కటకమును కూడ చేసినవారున్నారు. దాని ద్వారము 26 మి.మీ.; నిండు చట్రముపై 50 మి.మీ., ఎఫ్/1.9 కటకము తెచ్చు కాంతికి సమానము. 1933 నాటి జుమ్మార్ చేసినది ఇదియే.

మరియొక సంగతి. సెన్సర్‌నే కదలించి చేతి వణుకును సరిచేయు ఏర్పాటు చిన్న సెన్సర్ కెమేరాలలో పలువానియందు కలదు. దానివలన షట్టరును ఎక్కువసేపు తెరచియుంచి కాంతిని కూడబెట్టవచ్చును. ధ్వజస్తంభమును తీయునప్పుడు ఇది చక్కగా పనిచేయును. దాని చుట్టును పరుగెత్తు పిల్లవానికి పనిచేయదు. వణుకు ఆగును గాని పరుగు ఆగదు.

కోణపు లెక్క

28 మి.మీ. కటకము నిండు చట్రముపై అడ్డముగా సుమారు 65 డిగ్రీల మేర చూచును. 50 మి.మీ. కటకము 40 డిగ్రీలు చూచును. స్థిర కటకము గలవాడు ఇరుకైన దృశ్యము కోరినచో చిత్రపు అంచులను కత్తిరించుకొనవచ్చును. 60 మిలియన్ల చుక్కలలో 50 మి.మీ. దృశ్యమునకు మిగులునవి 19 మిలియన్లు, 90 మి.మీ. దృశ్యమునకు ఆరు మిలియన్లకు లోపే. 56 మి.మీ. దృశ్యమునకు కత్తిరించినచో మిగులు సెన్సర్ సరిగా నాలుగవ వంతు, 216 చ.మి.మీ.; ఇంచుమించు మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ అంత. పెద్ద చట్రమునకై వెల పెట్టి, ప్రతి చిత్రమును కత్తిరించువాడు చిన్న చట్రమునే వాడుచున్నాడన్న మాట.

ముందుకు నడచిన సరిపోదా యనవచ్చును. కొంతవరకు సరిపోవును, ఒక్కొక్కప్పుడు చిత్రము మెరుగగును కూడ. నిలిచినచోటు మారిన దగ్గరి వస్తువులకును దూరపు వస్తువులకును గల పరిమాణ సంబంధము మారును. కటకము మార్చినంతమాత్రమున అది మారదు. కాని చెరువు నడుమ నున్న కొంగ దగ్గరకు నడువలేము. చంద్రునివైపు నడచి లాభము లేదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2016లో వచ్చిన 300 మి.మీ., ఎఫ్/4 కటకము నిండు చట్రముపై 600 మి.మీ. కటకమంత ఇరుకైన దృశ్యమును చూపును. దాని బరువు కిలోమూడువందల గ్రాములకు లోపు. నిండు చట్రపు 600 మి.మీ., ఎఫ్/4 కటకము మూడు కిలోల ప్రాంతము తూగును. ఆ పెద్ద కటకము నాలుగు రెట్లు కాంతి తెచ్చుననుట నిజమే. కాని దానిని భుజాన వేసికొని చెరువుగట్టు వెంట తిరుగువారు తక్కువ.

విజ్ఞానశాస్త్రము బోధించువానికి ఇంకొక లాభ మున్నది. కటకమును విప్పిన కెమేరాను తగిన గొట్టముతో సూక్ష్మదర్శినికిని, దూరదర్శినికిని నేరుగా బిగింపవచ్చును. ఉల్లిపొర కణములను తరగతి యంతటికి ఒక్కసారి చూపవచ్చును. అంతేకాదు. 1931లో లైకావారు నిర్ణయించిన దూరము 28.8 మి.మీ.; మైక్రో ఫోర్ థర్డ్స్ దూరము 19.25 మి.మీ. తేడా 9.55 మి.మీ. అంత మందము గల ఒక ఉంగరమును నడుమ నుంచినచో, ఆనాటి లైకా కటకము నేటి కెమేరాపై పనిచేయును. దృక్కోణము ఇంచుమించు సగమగును గాని, బొమ్మ స్పష్టముగా పడును. తొంబది ఏండ్ల క్రిందట చెక్కిన సున్న ఇంకను మాట నిలుపుకొనుచున్నది. స్థిర కటకమునకు ఆ భాగ్యము లేదు. సెన్సర్ పాతబడిననాడు మంచి కటకము కూడ దానితోనే మూలపడును.

అయినను ఆ మాట సంస్థలు నిలిచినంతవరకే. 2003 నాటి ఫోర్ థర్డ్స్ పద్ధతికి క్రొత్త కెమేరాలు రావు. ఓలింపస్ తన కెమేరా వ్యాపారమును 2021లో వేరొక సంస్థకు అప్పగించెను. కటకముల పెట్టె నింపుకొనువాడు ఒక సంస్థ భవిష్యత్తుపై కూడ పందెము వేయుచున్నాడు.

ఎన్నుకొనుట ఎట్లు?

స్థిర కటకము గల పెద్ద చట్రము దీపపు వెలుగులో ఇంటివారిని, సాయంకాలపు వీధిని, దగ్గర నిలిచి చూడదగిన మనుష్యులను తీయువానికి మేలు. పక్షులు, పురుగులు, ఆటలు, చంద్రుడు, ప్రయోగశాల కావలసినవానికి మారెడి కటకమే శరణ్యము. నడుమ నున్నవారికి మాత్రమే చిక్కు. పెక్కుమంది అచ్చటనే ఉందురు.

అట్టివారు చేయదగిన చిన్న పరీక్ష ఒకటి కలదు. దీనిని ఉపాధ్యాయులు విద్యార్థులచేత లెక్కల అభ్యాసముగా కూడ చేయింపవచ్చును. గత సంవత్సరములో చేతిలోని ఏ ఫోనుతోనో తీసిన చిత్రములలో చెడిన వానిని వేరుచేయవలెను. చీకటి వలన గరుకై గాని, కదలి గాని చెడినవి ఒక కుప్ప. వస్తువు అందనంత దూరమున, లేక మిక్కిలి చిన్నదిగా నుండుటచే చెడినవి రెండవ కుప్ప. రెంటిని లెక్కించి చూడవలెను. మొదటి కుప్ప పెద్దదైన పెద్ద చట్రము, రెండవది పెద్దదైన మారెడి కటకము. రెండును చిన్నవైనచో, చేతిలో నున్న పనిముట్టే ప్రస్తుతమునకు చాలును.